వెన్ను, తుంటి, మణికట్టు: ఏడాది ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి పక్షం: తొలి కొలతలు

ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని తేలింది కనుక, ఇకమీద ఎముకల కోసం చేసే ప్రతి పనినీ, పిల్లలతో ప్రయోగాల రికార్డు రాయించినట్టుగానే, కొలతలతో సహా ఇక్కడ నమోదు చేయదలచాను. నాకు 62 ఏళ్లు. హనుమకొండలో నివాసం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. గత చలికాలం స్నానాల గదిలో జారినప్పుడు ఎడమ అరచేయి నేలకు ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఏబ్రహామ్ కోలిస్ అనే ఐరిష్ వైద్యుడు 1814లో వర్ణించిన విరుగుడు (ఫ్రాక్చర్) ఇదే. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన విరిగే ఎముకను అనుమానించి తీరాలన్నది మా ఎముకల డాక్టరు అభిప్రాయం. అందుకే కట్టు విప్పిన రోజే ఆయన డెక్సాకు చీటీ రాశారు. యాభై, అరవై ఏళ్ల వయసులో విరిగే మణికట్టు చాలామందికి తొలి హెచ్చరిక అనీ, దాన్ని పట్టించుకోకపోతే తరువాతి వంతు వెన్నుపూసదో తుంటిదో అవుతుందనీ ఆయన వివరించారు.

స్కాన్ ఫలితం: నడుము వెన్నుపూసల్లో సాంద్రత చదరపు సెంటీమీటరుకు 0.731 గ్రాములు, టీ-స్కోరు మైనస్ 2.9. తొడ ఎముక మెడ దగ్గర 0.594 గ్రాములు, టీ-స్కోరు మైనస్ 2.3. టీ-స్కోరు అంటే ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చినప్పుడు మన ఎముక ఎన్ని ప్రామాణిక విచలనాల (సగటుకు అటూఇటూ అంకెలు మామూలుగా చెదిరే దూరం) మేర తేడాగా ఉందో చెప్పే సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన హద్దుల ప్రకారం మైనస్ 2.5 గానీ అంతకన్నా దిగువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్. మైనస్ 1కీ మైనస్ 2.5కీ నడుమ ఉంటే ఎముక పలచబడినట్టు లెక్క. అంటే నా వెన్ను ఆ గీత దాటింది, తుంటి గీతకు దగ్గరగా నిలిచింది.

సర్వీసు రిజిస్టరులో ఉద్యోగంలో చేరినప్పటి నా ఎత్తు 155 సెంటీమీటర్లు అని ఉంది. ఇప్పుడు గోడకు ఆనుకొని కొలిస్తే 152 వచ్చింది. యౌవనంలో ఉన్న ఎత్తులో 4 సెంటీమీటర్లు, ఆపైన తగ్గితే వెన్నుపూస నొప్పి తెలియకుండానే నలిగి ఉండవచ్చని అనుమానిస్తారు. నాది ఆ హద్దు లోపలే అయినా డాక్టరు పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీయించారు. ఏ పూసా నలగలేదు. నలభై దాటిన ప్రతి మహిళా తన పాత ఎత్తును ఎక్కడో ఒకచోట రాసి ఉంచుకోవాలని నా సలహా. ఖర్చు లేని పరీక్ష ఇది.

ఎముకలు గుల్లబారడానికి వయసు కాక వేరే కారణాలేమైనా ఉన్నాయేమోనని రక్తపరీక్షలు చేయించారు. కాల్షియం, క్రియాటినిన్, థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోను, ప్రొటీన్ల పరీక్ష అన్నీ మామూలుగానే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం మిల్లీలీటరుకు 17 నానోగ్రాములే ఉంది. 20కి తక్కువైతే లోపం. థైరాయిడ్ మాత్ర నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఆ మోతాదు అవసరానికి మించితే ఎముక త్వరగా కరుగుతుంది కనుక దాన్ని కూడా సరిచూశారు. స్టెరాయిడ్లు వాడారా అని డాక్టరు పలుమార్లు అడగడానికి కారణం ఉంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లలో ఏ మందో చెప్పకుండా ఇచ్చే మాత్రల్లో, సూదుల్లో అవి ఉండడం మా ప్రాంతంలో అరుదు కాదు. నెలల తరబడి వాడితే ఎముకకు వాటంత చేటు చేసే మందు మరొకటి లేదు.

శరీరం పనితీరును కూడా కొలిచాను. చేతులు రొమ్ముకు కట్టుకొని కుర్చీలో నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలమో చూసే పరీక్షలో నాకు 9 వచ్చింది. నా వయసు స్త్రీలకు 12కు తగ్గితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 13 సెకన్లు పట్టింది, 12 దాటకూడదు. ఒంటికాలిపై నిలబడగలిగింది 6 సెకన్లు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి ఈ మూడు అంకెలే. మణికట్టు, తుంటి ఎముకలు ఎంత పలచబడినా సాధారణంగా పడితేనే విరుగుతాయి. పడకుండా నిలబెట్టేవి కాళ్ల కండరాలు, నిలకడ, ఇంటి నేల. సాంద్రత సంగతి మందు చూసుకుంటుంది. మిగిలిన ఈ సగం పని నాది. ఈ ప్రాజెక్టు పరిధి అదే.

ఫిబ్రవరి, రెండో పక్షం: మందు ఎంపిక

మామూలుగా మొదట రాసేది అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర, వారానికి ఒకటి. దాన్ని పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకొని, అరగంట వరకు పడుకోకుండా, టీ గానీ పాలు గానీ మరో మాత్ర గానీ తీసుకోకుండా ఉండాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు, పైగా అన్నవాహిక ఒరుసుకుపోతుంది. నాకు ఛాతీలో మంట, పుల్లటి తేన్పుల బాధ పాతదే కనుక డాక్టరు దానికి బదులు ఏడాదికి ఒకసారి నరం ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మి.గ్రా. సూచించారు. 2007లో వెలువడిన పెద్ద పరిశోధనలో, మూడేళ్లు ఈ మందు తీసుకున్న స్త్రీలలో వెన్నుపూసల విరుగుళ్లు 70 శాతం, తుంటి విరుగుళ్లు 41 శాతం తగ్గాయి.

ఎముక నిర్జీవమైన కట్టడం కాదు. పాత ఎముకను కరిగించే కణాలు ఒకవైపు, కొత్తది పోసే కణాలు మరొకవైపు నిరంతరం పనిచేస్తూ ఏటా అస్థిపంజరంలో దాదాపు పదో వంతును మార్చివేస్తాయి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గడంతో కరిగించే జట్టుకు అదుపు పోతుంది. ఆ తొలి అయిదారేళ్లలోనే కొందరు స్త్రీలు ఎముకలో 20 శాతం వరకు కోల్పోతారు. ఈ మందు ఆ కరిగించే కణాలను నిలువరిస్తుంది.

నాకు 45 ఏళ్లకు నెలసరి దానంతటదే ఆగింది. నాతో పనిచేసిన ఉపాధ్యాయినులలో చాలామందికి అంతకన్నా చిన్న వయసులోనే గర్భసంచి తీసివేశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దానితోపాటు అండాశయాలను కూడా తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆపరేషన్ చేయించుకున్నవారు అండాశయాలు ఉంచారో తీశారో తమ కాగితాల్లో చూసుకొని, తీసివేసి ఉంటే అరవై దాకా ఆగకుండా ముందే డెక్సా చేయించుకోవడం మేలు.

మందు ఎక్కించే ముందు మూడు పనులు పూర్తి కావాలి. మొదటిది విటమిన్ డి లోపాన్ని సరిచేయడం, లేదంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. రెండోది మూత్రపిండాల పనితీరు చూడడం. మూడోది పళ్ల డాక్టరుకు చూపించి, పీకవలసిన పన్ను ఉంటే ముందే పీకించుకోవడం. ఈ మందుల వల్ల దవడ ఎముక మానకపోవడమనే అరుదైన చిక్కు ఎక్కువగా పన్ను పీకిన తరువాతే వస్తుంది. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తరువాత నెలకొకటి రాశారు. వారానికొకటి వేసుకొమ్మన్న మందును ఎవరూ ఆపమనలేదని ఏళ్ల తరబడి కొనసాగించేవారు కొందరు కనబడుతుంటారు. అది మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మార్చి: ఇంటి పని

మందుకు ముందు దొరికిన ఈ వ్యవధిని ఇంటి మరమ్మతులకు కేటాయించాను. స్నానాల గదితో మొదలుపెట్టాను.

నేల మీది నున్నని టైల్స్ తీసివేయించి గరుకు టైల్స్ వేయించాను. పట్టుకొనే కడ్డీలు రెండు బిగించాం: కమోడ్ పక్కన అడ్డంగా ఒకటి, స్నానం చేసే చోట నిలువుగా ఒకటి. మేస్త్రీ "టీచరమ్మా, తువ్వాలు కడ్డీకి వేసే ప్లాస్టిక్ ప్లగ్గులే దీనికీ సరిపోతాయి" అన్నాడు. టైల్ మందం, దాని వెనక సిమెంటు పూత కలిపితేనే దాదాపు ఒక అంగుళం. అంతవరకే వెళ్లిన మరకు పట్టు ఉండదు. జారుతున్న మనిషి పట్టుకొన్నప్పుడు కడ్డీ మీద పడేది ఆమె బరువు మాత్రమే కాదు, ఆ కుదుపు కూడా. అందుకని టైల్‌ను దాని ప్రత్యేకమైన డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా తొలిచి, లోపలి ఇటుకలో రెండు అంగుళాలకు పైగా దిగే ఇనుప యాంకర్ బోల్టులు వేయించాను. బిగించిన మరునాడు 80 కిలోల బరువున్న మా వారు రెండు చేతులతో వేలాడి పరీక్షించారు. తువ్వాలు వేసుకొనే కడ్డీని ఆసరాగా పట్టుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. అది ఆసరా కాదు, పడడానికి మరో కారణం.

పీట మీద కూర్చొని స్నానం చేయడం మాని, కాళ్లకు రబ్బరు తొడుగులున్న ఎత్తైన కుర్చీ తెచ్చుకున్నాను. బకెట్ ఒక చిన్న అరుగు మీద ఉంటుంది కనుక చెంబుతో నీళ్లు ముంచడానికి వంగనక్కరలేదు.

గడపల విషయంలో ఒక సంగతి గమనించాను. ఇంట్లో వీధి గడప, దేవుడి గది గడప ఎత్తుగా ఉన్నా వాటికి తగిలి ఎవరూ తూలరు, ఎందుకంటే పసుపూ కుంకుమా అలంకరించి ఉన్నందున మసక వెలుతురులో కూడా స్పష్టంగా కనిపిస్తాయి. స్నానాల గది ముందు ఉన్న అంగుళం ఎత్తు నల్లరాతి పట్టీ నేల రంగులోనే కలిసిపోయి ప్రతివారి కాలికీ తగులుతుంది. దానికి పసుపుపచ్చ టేపు అంటించాను. పడక గది నుంచి స్నానాల గది వరకు మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు రెండు, కరెంటు పోయినా పనిచేసేలా ఇన్వర్టరుకు కలిపించాను. పాత చీరలతో కుట్టిన కాలిపట్టలన్నీ తీసివేశాను. అవి నాకు ఎంతో ఇష్టమైనవి, కానీ నున్నని నేల మీద అవి కాలితోపాటే జారుతాయి. అడుగు అరిగిన రబ్బరు చెప్పులు చెత్తబుట్టకు వెళ్లాయి. మెట్లెక్కేటప్పుడు కుచ్చెళ్లు అడ్డుపడకుండా ఇంట్లో చీరను చీలమండ పైకి కట్టుకుంటున్నాను.

అన్నిటికన్నా ఆలోచించవలసి వచ్చిన పని వాకిలి. చిన్న చీపురుతో ఊడ్చి, చల్లి, నడుము వంచి ముగ్గు పెట్టడం నలభై ఏళ్ల అలవాటు. దీన్ని లెక్క కట్టి చూశాను. నా బరువు 54 కిలోలు, నడుము పైభాగం బరువు సుమారు 27. పూర్తిగా ముందుకు వంగినప్పుడు ఆ బరువు కేంద్రం నడుము పూసకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకొందాం. 5 కిలోల బకెట్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వీటిని ఆపవలసిన వెన్ను కండరం మాత్రం పూసకు కేవలం 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. తులాదండ సూత్రం ప్రకారం ఆ కండరం 175 కిలోల బలంతో లాగాలి, ఆ లాగుడంతా పూస మీదే ఒత్తిడి అవుతుంది. వెన్ను గుండ్రంగా వంగి ఉంటే ఆ ఒత్తిడి పూస ముందు అంచు మీద కేంద్రీకరిస్తుంది. గుల్లబారిన పూస నలిగేది కూడా ఆ అంచు దగ్గరే. కనుక పొడవు కర్ర ఉన్న చీపురు, తుడవడానికి నిలువు మాప్ కొన్నాను. ముగ్గును చిన్న స్టూలుపై కూర్చొని, వెన్ను నిటారుగా ఉంచి, చేయి చాచినంత మేరకే పెడుతున్నాను. మెలికల ముగ్గులు పండుగలకు కోడలు పెడుతుంది.

ఏప్రిల్: సెలైన్

విటమిన్ డి 34కు చేరాక మందు ఎక్కించారు. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించి, అరగంట పాటు నెమ్మదిగా ఎక్కించారు. రాత్రికి ఒళ్లు నొప్పులు, మరునాడు జ్వరం వచ్చాయి. పారాసెటమాల్‌తో మూడో రోజుకు తగ్గాయి. మొదటిసారి తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి ఇలా అవుతుందనీ, తరువాతి ఏడాదుల్లో చాలా తక్కువనీ ముందే చెప్పారు. మరేమీ నమోదు చేయవలసింది లేదు.

మే, జూన్: ఆహారం లెక్క

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పోషక విలువల పట్టికను దగ్గర ఉంచుకొని, ఒక వారం పాటు వంటింటి తక్కెడతో తూచి లెక్క రాశాను. అదే సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మి.గ్రా., నెలసరి ఆగిన స్త్రీలకు 1,200 మి.గ్రా. కాల్షియం కావాలి. నా పాత భోజనంలో, అంటే రెండు పూటల టీ పాలు, ఒక గరిటె పెరుగు, అన్నం, పప్పు, కూరలో కలిపి సుమారు 500 మాత్రమే వస్తోంది.

మార్చినవి ఇవి. పొద్దున తైదల (రాగుల) అంబలి. 100 గ్రాముల తైదల్లో 364 మి.గ్రా. కాల్షియం ఉంది, కానీ గింజలో సహజంగా ఉండే ఫైటేట్లు దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండిని రాత్రి పులియబెడితే ఆ పట్టు సడలుతుంది. మన పెద్దలు అంబలిని పులియబెట్టే తాగారు. రాత్రి ఒక పెద్ద గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు పెంచాను. ఆవుపాలలో 100 గ్రాములకు 118 మి.గ్రా. ఉంటుంది, దానిలో మూడో వంతుకు దగ్గరగా ఒంటికి పడుతుంది. పాలకూరలో కాల్షియం కాగితం మీద బాగానే కనిపిస్తుంది కానీ దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ల వల్ల దక్కేది సుమారు 5 శాతమే. ఆ కూర రుచి కోసం తింటాను, ఎముక ఖాతాలో రాయను. నువ్వుల్లో 1,200 మి.గ్రా.కు పైగా ఉన్న మాట నిజమే. పొట్టులో ఆక్సలేట్లు ఉన్నందున, పైగా రోజుకు చెంచాడు మించి తినలేం కనుక, దాన్ని అదనపు లాభంగానే చూస్తున్నాను. మునగాకు, పొన్నగంటి కూర వారానికి కొన్నిసార్లు పప్పులో పడుతున్నాయి.

ఈ మార్పులతో రోజు మొత్తం 900 దాటింది. డాక్టరు మొదట రెండు మాత్రలు రాసి ఉన్నారు. ఈ లెక్క చూపించాక ఒకటికి తగ్గించారు. అది 1,250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్, అంటే అసలు కాల్షియం 500 మి.గ్రా. ఒక్కసారి తీసుకోదగిన గరిష్ఠం కూడా ఇంచుమించు అంతే. కార్బొనేట్ జీర్ణం కావడానికి కడుపులో ఆమ్లం కావాలి కనుక దాన్ని మధ్యాహ్న భోజనంతో వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున కాబట్టి రెంటి మధ్య ఉండవలసిన నాలుగు గంటల ఎడం దానంతటదే కుదిరింది.

కాల్షియం మీద ఉన్న శ్రద్ధ మన ఇళ్లలో మాంసకృత్తుల మీద ఉండదు. ఎముక బరువులో గణనీయమైన భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. కండరంలో నీటిని మినహాయిస్తే మిగిలేది అధిక భాగం ప్రొటీనే. వయసు మళ్లినవారికి కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు కావాలని నిపుణులు చెబుతున్నారు, అంటే నాకు 54 నుంచి 65 గ్రాములు. చారు, అన్నం, ఆవకాయతో ఆ లెక్క ఎన్నటికీ తేలదు. ఒక గుడ్డు, రెండు పూటలా గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు లేదా ఉలవ గుగ్గిళ్లు చేర్చాను. ఆవకాయ తగ్గించడానికి మరో కారణం ఉప్పు: ఒంటి నుంచి ఒక చెంచాడు ఉప్పు బయటికి పోతూ మూత్రంలో సుమారు 40 మి.గ్రా. కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది.

ఎండ గురించి రెండు మాటలు. చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు నడిపొద్దున, ఇంచుమించు 11 నుంచి 2 లోపు బలంగా ఉంటాయి. కిటికీ అద్దం వాటిని లోపలికి రానివ్వదు. వరంగల్ మే నెలలో ఆ సమయంలో డాబా ఎక్కమని ఎవరికీ చెప్పలేను. వేసవికి విటమిన్ డి మందు చాలు, ఎండ సంగతి కార్తీకం నుంచి చూద్దాం.

జూలై నుంచి సెప్టెంబరు: బరువులు

ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన అధ్యాయం ఇది. ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకొంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వూల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. దీనికి తిరుగులేని సాక్ష్యం అంతరిక్ష యాత్రికులు. వారు భారరహిత స్థితిలో తుంటి ఎముకను నెలకు 1 నుంచి 1.5 శాతం కోల్పోతారు. 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు పక్షుల రెక్క ఎముకపై చేసిన ప్రయోగంలో, రోజుకు 36 సార్లు బరువు పడితే ఎముక ఎంత పెరిగిందో, వందల సార్లు పడినా అంతే పెరిగింది. అంటే ఎముకకు కావలసింది అలవాటుకు మించిన బరువు, కొద్దిసార్లు. తక్కువ బరువును గంటల తరబడి మోయడం కాదు. "రోజూ గంటసేపు నడుస్తున్నాను కదా" అనేవారికి నా జవాబు ఇదే. నడక గుండెకు మంచిది, మనసుకు మంచిది. గుల్లబారిన వెన్నును గట్టిపరచడానికి అదొక్కటే చాలదు.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారిలో సగం మంది వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు భారీ బరువులు ఎత్తారు. వారి నడుము వెన్ను సాంద్రత 2.9 శాతం పెరిగింది. తేలికపాటి వ్యాయామం చేసిన మిగతావారిలో 1.2 శాతం తగ్గింది. అయితే అదంతా శిక్షకుల కళ్లెదుట జరిగింది, బరువులు నెమ్మదిగా పెరిగాయి. వీడియో చూసి ఒంటరిగా మొదలుపెట్టే పని కాదు. కనుక ఊళ్లోని ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర వారానికి రెండుసార్లు నేర్చుకుంటున్నాను.

మొదట బరువే లేదు. చీపురు కర్రను వీపు మీద నిలువుగా పెట్టుకొని, అది తల వెనక, భుజాల నడుమ, నడుము దిగువన మూడు చోట్లా తాకుతుండగా తుంటి దగ్గర మాత్రమే వంగడం నేర్చుకున్నాను. కర్ర ఏ ఒక్క చోట విడివడినా వెన్ను గుండ్రమైనట్టే. ఇది చేతనయ్యాక బరువు వచ్చింది. రెండు ఇటుకల ఎత్తు మీద ఉంచిన 4 కిలోల ఇసుక సంచిని ఒంటికి ఆనించుకొంటూ ఎత్తడం, దించడం. అయిదేసి సార్లు చొప్పున అయిదు విడతలు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. ఆగస్టు చివరికి 8 కిలోలు, సెప్టెంబరు చివరికి 12. దీనితోపాటు కుర్చీ నుంచి లేవడం, మొదట చేతుల సాయంతో, తరువాత సాయం లేకుండా, ఆపై వీపు సంచిలో బియ్యం పొట్లాలతో. మునివేళ్ల మీద లేచి మడమలను ఒక్కసారిగా నేలకు దించడం తుంటికి చిన్న కుదుపు ఇస్తుంది. విరిగిన మణికట్టుకు గోడకు ఎదురుగా నిలబడి తీసే దండీలు, తడి తువ్వాలు పిండడం.

వెన్నును వెనక్కి సాచే వ్యాయామానికి ప్రత్యేక స్థానం ఉంది. పొట్ట కింద దిండు పెట్టుకొని బోర్లా పడుకొని, గడ్డం లోపలికి ఉంచి, ఛాతీని కొద్దిగా పైకెత్తి అయిదు సెకన్లు ఆపడం. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన సినాకీ, మికెల్సన్ ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఆస్టియోపొరోసిస్ ఉన్నవారిలో వెన్నును వెనక్కి సాచే వ్యాయామం చేసినవారిలో 16 శాతం మందికి పూసలు కొత్తగా నలగగా, ముందుకు వంగే వ్యాయామం చేసినవారిలో 89 శాతం మందికి నలిగాయి. అధ్యయనం చిన్నదే అయినా తేడా చిన్నది కాదు. అందుకే మా పార్కులోని యోగా బృందంలో నేను తాడాసనం, వృక్షాసనం, వీరభద్రాసనం, తేలికపాటి భుజంగాసనం మాత్రమే చేస్తాను. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం, హలాసనం వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటాను. సూర్యనమస్కారాలు పూర్తిగా చేయడం లేదని మొదట అందరూ వింతగా చూశారు. కారణం చెప్పాక నా వయసువారిలో మరికొందరు డెక్సా చేయించుకున్నారు.

నిలకడకు వేరే సమయం కేటాయించలేదు. పాలు పొంగే వరకు స్టవ్ దగ్గర గట్టు అందుబాటులో ఉంచుకొని ఒంటికాలిపై నిలబడతాను. నడవాలో మడమకు వేళ్లు తగిలేలా ఒకే గీత మీద నడుస్తాను.

బతుకమ్మ రోజులు

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడడం మా ఇంటి ఆడవాళ్లకు ఆనవాయితీ. ఆటలో అడుగడుగునా ముందుకు వంగి చప్పట్లు కొట్టడం, మళ్లీ లేవడం ఉంటుంది. గంటసేపు ఆడితే అది వందల సార్లు అవుతుంది. నేర్చుకున్న తుంటి వంపు ఇక్కడ అక్కరకు వచ్చింది. మోకాళ్లు కొద్దిగా మడిచి, వెన్ను నిటారుగా ఉంచి, తుంటి దగ్గరే వంగుతూ ఆడాను. వలయంలో తిరగడం, పక్క అడుగులు వేయడం, పాదం తాటించడం ఎముకకూ నిలకడకూ పనికివచ్చేవే. తాంబాళంలో పేర్చిన బతుకమ్మను నేల మీద నుంచి ఎత్తడం మాత్రం కోడలికి అప్పగించి, నడుము ఎత్తున అందుకొని ఛాతీకి దగ్గరగా పట్టుకొని నడిచాను. సద్దుల నాడు నువ్వుల సద్దికి ఈసారి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

జనవరి: పనితీరు కొలతలు

ఇసుక సంచి స్థానంలో డంబెల్స్ వచ్చాయి. రెండు చేతులా కలిపి ఎత్తుతున్నది 20 కిలోలు. కుర్చీ పరీక్షలో 30 సెకన్లకు 14. లేచి నడిచి కూర్చోవడానికి 9 సెకన్లు. ఒంటికాలిపై కుడికి 22, ఎడమకు 17 సెకన్లు. ఎత్తు 152 దగ్గరే ఉంది, అది తగ్గకపోవడమే కావలసింది.

మార్చి: రెండో స్కాన్

స్కాన్ అదే సెంటరులో, అదే యంత్రం మీద చేయించాను. వేర్వేరు యంత్రాల అంకెలను పోల్చడానికి వీల్లేదు. ముందు రోజు నుంచి కాల్షియం మాత్ర ఆపాను.

వెన్ను 0.731 నుంచి 0.765కు పెరిగింది, అంటే 4.7 శాతం; టీ-స్కోరు మైనస్ 2.6. తొడ ఎముక మెడ 0.594 నుంచి 0.603, అంటే 1.5 శాతం, టీ-స్కోరు మైనస్ 2.2. తమ యంత్రం మీద వెన్నులో 3 శాతం లోపు తేడాను మార్పుగా పరిగణించకూడదని సెంటరువారు చెప్పారు. తుంటి మెడకు ఆ హద్దు ఇంకా ఎక్కువ. కనుక వెన్ను నిజంగా మెరుగుపడింది, తుంటి ఉన్నచోట నిలిచింది. నిలవడం కూడా ఈ వయసులో లాభమే, లేకపోతే ఏటా కొంత తగ్గేది. వెన్నులో వచ్చిన పెరుగుదలలో అధిక భాగం మందుదే అయి ఉంటుంది. ఒకే నమూనాపై మందు, ఆహారం, వ్యాయామం మూడింటినీ ఒకేసారి మార్చిన ప్రయోగం నుంచి దేని వాటా ఎంతో విడదీయలేం. నా విద్యార్థి ఎవరైనా అలా విడదీసి రాసి ఉంటే మార్కులు తగ్గించేదాన్ని.

సాంద్రత అంకెను అదే పనిగా చూసేవారికి నల్గొండను గుర్తుచేయాలనిపిస్తుంది. ఆ జిల్లాలో పనిచేసిన ఏళ్లలో, ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను చూశాను. వారి ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, గట్టిదనం మాత్రం ఉండదు. దట్టం చేసే ఆ గుణాన్ని నమ్మి పాశ్చాత్య దేశాల్లో ఆస్టియోపొరోసిస్‌కు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో వెలువడిన ఫలితాల్లో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. పూసల విరుగుళ్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఇతర ఎముకల విరుగుళ్లు పెరిగాయి. ఎముక బలం దాని పదార్థంలో, లోపలి అల్లికలో, చుట్టూ ఉన్న కండరంలో కూడా ఉంది. డెక్సా సాంద్రతను మాత్రమే కొలుస్తుంది. అందుకే కుర్చీ పరీక్షలో 9 నుంచి 14కు వచ్చిన మార్పును ఈ ఏడాది ముఖ్య ఫలితంగా నమోదు చేస్తున్నాను.

ఏప్రిల్: రెండో ఏడాది పనులు

రెండో సెలైన్ ఈ నెలలోనే. ఇలా మూడేళ్లు తీసుకొని, అప్పటి పరిస్థితిని బట్టి కొంతకాలం విరామం ఇవ్వవచ్చని డాక్టరు చెప్పారు. ఈ మందు ఎముకలో నిలవ ఉంటుంది కనుక విరామం సాధ్యం. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ అలా కాదు, దాన్ని వేళకు తీసుకోకుండా ఆపివేస్తే పూసలు వరుసగా నలగవచ్చు. ఆ సూదులు వాడుతున్న మా వదినగారికి తరువాతి తేదీలను గోడ క్యాలెండరులో రాసి ఇచ్చాను.

బరువును 25 కిలోలకు పెంచడం ఫిజియోథెరపిస్టు అనుమతిని బట్టి ఉంటుంది. డాబా మెట్లకు ఇప్పుడు ఒకవైపే కడ్డీ ఉంది. దిగేటప్పుడు అది ఎడమ చేతికి, అంటే విరిగిన మణికట్టు వైపు వస్తోంది. రెండో వైపుకు అంగుళంన్నర గుండ్రటి స్టీలు గొట్టం, మెట్టు అంచు నుంచి 34 అంగుళాల ఎత్తున, చివరి మెట్టు దాటి మరో అడుగు వరకు సాగేలా వెల్డింగ్ షాపులో కొలతలు ఇచ్చి వచ్చాను. వచ్చే వారం బిగిస్తారు. ఇటుకలోకి దిగే బోల్టులే వాడాలని చీటీ మీద రాసి ఇచ్చాను.